వేరు పట్టుకుని మాట పీకడం ఎలా?

ఎదుటివాడి మాటలో తప్పు పట్టడానికి ఈ రోజుల్లో వ్యాకరణం చాలడం లేదు. అరసున్నా ఎక్కడ పెట్టాలో, బండి ర ఎక్కడ రాయాలో ఎవరికీ పట్టడం లేదు. పైగా నోటిమాటలో అవి దిద్దడానికి వీలు కాదు, చెవికి అన్నీ ఒకటే. అందుకని కొలకలూరులోనూ, చుట్టుపక్కల తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల్లోనూ పండితుడనిపించుకోవాలన్న ఉబలాటం ఉన్నవారికి మిగిలిన దారి ఒక్కటే. అది వ్యుత్పత్తి. మాట ఎక్కడ పుట్టిందో అక్కడి అర్థమే అసలు అర్థమనీ, జనం ఇప్పుడు వాడుకుంటున్నదంతా పొరపాటనీ గట్టిగా నమ్మాలి. మీకు నమ్మకం కుదరకపోయినా ఫరవాలేదు, గొంతు పెద్దదైతే చాలు. సామగ్రి కూడా పెద్దగా అక్కర్లేదు. చంకలో ఒక నిఘంటువు, నోట్లో ఒక డజను మాటలు, చేతిలో బోలెడు తీరిక.

కిరాణా కొట్టుతో మొదలుపెట్టడం మంచిది. చిల్లర చేతికొచ్చేదాకా అక్కడినుంచి ఎవరూ కదలరు కనుక మీ మాట వినక తప్పదు. ఎవరో ఒకావిడ వచ్చి, "లీటరు వేరుశనగ నూనె ఇవ్వు బాబూ" అంటుంది. అందుకోండి. "వేరుశనగలకి నూనె ఎక్కడిదమ్మా? నూనె అంటే నువ్వుల నెయ్యి. నూ అంటే నువ్వు, నెయ్ అంటే జిడ్డు" అనండి. ఇది మీరు కల్పించింది కాదు, నిజమే. తమిళం వాళ్ళ ఎణ్ణెయ్ కూడా ఎళ్ళు అనే నువ్వుల్లోంచే వచ్చింది. ఆవిడ కాస్త చదువుకున్న మనిషైతే, "పోనీ వేరుశనగ తైలం అననా?" అంటుంది. అదీ కుదరదు. తిలల నుంచి వచ్చింది తైలం, తిలలంటే మళ్ళీ నువ్వులే. ఈలోపు కొట్టతను విసుగెత్తి, "ఆయిల్ ప్యాకెట్ అనండి పిన్నిగారూ, గొడవొదిలిపోద్ది" అంటాడు. అతన్నీ వదలకండి. ఇంగ్లీషు ఆయిల్ లాటిన్ మీదుగా గ్రీకుకు పోయి ఆలివు చెట్టు దగ్గర ఆగుతుంది. తెనాలి కాలవగట్ల మీద ఆలివు చెట్టు ఒక్కటైనా ఉందేమో చూపించమనండి.

తేలిందేమిటి? వేరుశనగ గింజ పిండితే కారేదానికి మూడు భాషల్లోనూ పేరు లేదు. నువ్వుల నూనె అనడానికీ లేదు, అది నువ్వుల నువ్వుల నెయ్యి అవుతుంది. కొబ్బరినూనె, ఆముదపు నూనె, మట్టినూనె అన్నీ అబద్ధాలే. మరి సంక్రాంతికి అరిసెలు దేంట్లో వేయించాలి అని ఆవిడ అడిగితే, అది వంటకు సంబంధించిన ప్రశ్న, భాషకు సంబంధించింది కాదు అని చెప్పి పక్కకు తప్పుకోండి. ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి. ఒకదాన్నొకటి అడక్కుండానే మూడు భాషలూ తమకు బాగా తెలిసిన ఒక నూనె పేరునే నూనెలన్నిటికీ పెట్టుకున్నాయంటే, మాటలు ఎదిగే తీరే అదేమో అని ఎవరైనా తెలివిగల కుర్రాడు అనొచ్చు. వెంటనే వేరే మాట ఎత్తుకోండి.

వేరే మాటంటే, అప్పు అడగడానికొచ్చేవాళ్ళ దగ్గర 'అవసరం' బాగా పనికొస్తుంది. "బాబాయ్, పదివేలు అవసరం పడింది" అంటాడు పక్కింటి అబ్బాయి. సంస్కృతంలో అవసరమంటే తగిన సమయం, మంచి అవకాశం. హిందీలో ఇప్పటికీ అంతే. "అవకాశం వచ్చిందన్నమాట, శుభం రా అబ్బాయ్" అని భుజం తట్టి లోపలికి వెళ్ళిపోండి.

పెళ్ళిచూపుల్లో అయితే వ్యుత్పత్తికి తిరుగే లేదు. కుర్రాడు ఖాళీగా తిరుగుతున్నా, "ఉద్యోగం ఉందండీ" అని నిబ్బరంగా చెప్పొచ్చు. ఉద్యోగమంటే ప్రయత్నం, పూనిక. భారతంలో అయిదో పర్వం ఉద్యోగపర్వం, తిక్కనగారు తెలుగు చేసింది. అందులో పాండవులకు కొలువులేమీ దొరకవు, యుద్ధం దొరుకుతుంది. వాళ్ళు కొలువులు చేసింది అంతకుముందు విరాటపర్వంలో. "జీతమెంతండీ?" అని అమ్మాయి తండ్రి అడుగుతాడు. జీవితం అన్న సంస్కృత పదం అరిగి తెలుగులో జీతమైందని పాత వ్యాకరణం తెలిసినవాళ్ళందరూ ఒప్పుకుంటారు. కాబట్టి "నూరేళ్ళండీ" అనండి. "మీకేమీ అభ్యంతరం లేదు కదా?" అని అడిగినప్పుడు మాత్రం ఒప్పుకోకండి. అభ్యంతరమంటే లోపలి భాగం. అది లేని మనిషి ఎక్కడుంటాడు, ఎక్స్‌రే తీయించమనండి.

అక్కడితో ఆగకండి. భరించేవాడు భర్త, భరింపబడవలసినది భార్య. ఇదీ నికార్సయిన వ్యుత్పత్తే. అమ్మాయి గుంటూరులో టీచరు, అబ్బాయి ఏళ్ళ తరబడి గ్రూప్ టూకి చదువుతున్నాడు అనుకోండి. శుభలేఖలో ఎవరు ఎవరికి భర్తో దిద్దించే బాధ్యత మీది. మంగళసూత్రం ఎవరి మెడలో పడాలన్నది పురోహితుడు తేల్చుకుంటాడు. ఎవరైనా తెనాలి మనిషి లేచి, త్రిపురనేని రామస్వామి చౌదరిగారి ఊసెత్తితే మాత్రం మాట తప్పించండి. తెనాలిలో సూతాశ్రమం కట్టుకుని ఉన్న ఆ పెద్దమనిషి 'వివాహవిధి' రాసి పెళ్ళితంతుని తెలుగులోకి తెచ్చాడు. చదివేవాడు చదువుతున్నది కూర్చున్నవాళ్ళకు అర్థం కావాలట. అర్థం కావాలి అన్న కోరిక ఒకసారి జనానికి పుట్టిందంటే మన వృత్తికి నూకలు చెల్లినట్టే.

ప్రయాణాల్లో ఊరికే కూర్చోకండి. గుంటూరు, తెనాలి మధ్య రైలు కొలకలూరులో ఆగుతుంది. "రైలెక్కుతున్నా, మళ్ళీ ఫోన్ చేస్తా" అనే మనిషి చెయ్యి పట్టుకుని ఆపండి. ఇంగ్లీషులో రైలంటే ఇనప పట్టా. దాని మీదికెక్కే మనిషిని ఆపడం పుణ్యకార్యం. ఆ బండి తప్పిపోతే మీ బాధ్యత లేదు, బస్సు ఉంది. కానీ బస్సన్న మాటకి కూడా చికిత్స కావాలి. లాటిన్‌లో ఆమ్నిబస్ అంటే 'అందరి కొఱకు'. అందులో తల తెగిపోయి తోక మిగిలింది. ఆ తోక ఉట్టి విభక్తి ప్రత్యయం. అంటే చిన్నయసూరి చతుర్థి విభక్తిలో పెట్టిన కొఱకున్, కై లాంటిదన్నమాట. ఇక మీదట తెనాలి బస్టాండులో, "రేపల్లె కొఱకు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుంది?" అని అడగడమే సరైన పద్ధతి. విచిత్రంగా, ఈ ఒక్క ప్రశ్నకు మీకు సరైన సమాధానం వస్తుంది.

ఇక ఆఫీసులు. ఇక్కడ వ్యుత్పత్తికి పేరు మాత్రమే కాదు, డబ్బు కూడా వస్తుంది. రైతు అన్న మాట అరబ్బీ నుంచి ఫార్సీ మీదుగా వచ్చింది. అక్కడ రయ్యత్ అంటే పాలించేవాడి కింద ఉండే జనం. ఇంకా వెనక్కి పోతే కాపరి మేపే మంద. కనుక సెంటు పొలం లేనివాడు కూడా రైతు సేవా కేంద్రానికి వెళ్ళి తన వాటా అడగొచ్చు. పోస్ట్‌మ్యాన్ రైతే, బడిపంతులు రైతే, మిర్చి దళారీ కూడా రైతే. మంద అర్థం దాకా పోతే గేదెలకీ అర్హత వస్తుంది కానీ, వాటికి ఆధార్ లేదు.

మిర్చి అంటే గుర్తొచ్చింది. అది మరీచం నుంచి వచ్చిన మాట, మరీచమంటే మిరియం. ఎండుమిరప అమెరికా ఖండాల పంట, పోర్చుగీసువాళ్ళ ఓడల వల్ల మన గడ్డమీదికొచ్చింది. వచ్చిన కొత్తకి పాతదాని పేరు తగిలించారు. గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళి ఆ ఘాటులో ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని, "మిరియాలు ఎక్కడ దాచారు?" అని అడిగి రండి.

1985లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం తాలూకాలను పగలగొట్టి మండలాలు చేసింది. మండలమంటే వలయం, గుండ్రటిది. తెనాలి మండలం మ్యాపు చూడండి, ఏ పక్క నుంచి చూసినా గుండ్రంగా ఉండదు. సరిహద్దు సరిచేయించమని ఒక అర్జీ పెట్టండి. జిల్లా సంగతి మాత్రం వేరు, అక్కడ ప్రభుత్వం తెలియకుండానే మనవాళ్ళ కోవలోకి వచ్చింది. జిల్లా మూలం అరబ్బీలో పక్కటెముక. 2022 ఏప్రిల్ 4న గుంటూరు, ప్రకాశం జిల్లాల పక్కల్లోంచి తీసి బాపట్ల జిల్లా చేశారు. రేపల్లె ఆ ఎముకతోపాటు వెళ్ళింది. తెనాలి, దాన్ని అంటిపెట్టుకుని కొలకలూరు, గుంటూరు ఒంట్లోనే ఉండిపోయాయి. ఇంత శుద్ధమైన ప్రయోగం ఆధునిక తెలుగులో ఇంకొకటి నాకు కనపడలేదు. చేసినవాళ్ళకు తెలియదన్న మాటేగానీ, సన్మానం చెయ్యొచ్చు.

ఇంతవరకూ చెప్పినవి చిల్లర పనులు. అసలు విద్య ఎంత లోతు తవ్వాలి అన్నదాంట్లో ఉంది. కొత్తగా ఈ పనిలోకి దిగినవాళ్ళు దొరికినంత లోతుకీ పోయి చేతులు కాల్చుకుంటారు. రేపల్లె దిగువన, నిజాంపట్నం వైపు సముద్రం దగ్గరి ఇసక నేలల్లో బోరు దించేవాణ్ణి అడగండి, చెబుతాడు. పైన కాస్త లోతులోనే మంచినీళ్ళు తగుల్తాయి. ఆశపడి ఇంకో రెండు గొట్టాలు దించితే ఉప్పునీళ్ళు. మాట కూడా అంతే. మీకు పనికొచ్చే అర్థం తగిలిన చోట గొట్టం ఆపేసి, ఇదే అడుగు అని ప్రకటించాలి. నూనె విషయంలో నువ్వుల దగ్గర ఆగాలి. ఇంకా తవ్వితే నెయ్యే కూలిపోతుంది, ఎందుకంటే నెయ్ అంటే మొదట ఏ జిడ్డైనా, ఏ కొవ్వైనా సరే. అప్పుడు ఆవునెయ్యి డబ్బా మీద కూడా గొడవ పెట్టుకోవాలి, అది మన ఇంట్లోనే ఉంటుంది. రైతు సేవా కేంద్రంలో అరబ్బీ దాకా పోవాలి. అదే, పంట నీటికోసం కాలవ మీద తగువు వచ్చినప్పుడు, "రైతంటే పొలం దున్నేవాడయ్యా, నీకేం సంబంధం?" అని ఇవాళ్టి తెలుగు దగ్గరే ఆగాలి. ఈ రెండు మాటలూ ఒకే వారంలో, ఒకే మనిషి ముందు చెప్పకుండా చూసుకుంటే చాలు.

ఈ లోతు విద్యను ఊరిపేరు మీద సాధన చెయ్యండి. కొలకు అంటే చెరువు, కొలను. కొలకు అంటే కంటి కొస కూడా, కనుకొలకులు అంటాం కదా. కొల అంటే కొలత. ఇందులో కొలకలూరుకి ఏది మూలమో, అసలు వీటిలో ఒకటైనా మూలమో కాదో శాసనాలు వెతికేవాళ్ళు తేల్చాలి. మీరు ఆ పని పెట్టుకోవద్దు, బేరం పాడవుతుంది. చెరువు పక్క స్థలం అమ్మేటప్పుడు కొలను అర్థం చెప్పండి. కొన్నవాడు వానాకాలంలో ఇంట్లోకి నీళ్ళొచ్చాయని మీ గుమ్మం ముందుకొస్తే కంటి కొస అర్థం చెప్పండి, తుడుచుకోవడానికి వీలుగా ఉంటుంది. స్థలం గజాలు తక్కువొచ్చాయని వస్తే, కొలత.

ఇంటిపేర్ల జోలికి మాత్రం పోవద్దు. ఈ ఊరిపేరును ఇంటిపేరుగా రాష్ట్రమంతా తెలిసేట్టు చేసిన రచయిత కొలకలూరి ఇనాక్ పుట్టింది వేజెండ్లలో. అది కూడా గుంటూరు, తెనాలి దారిలోదే. మన సిద్ధాంతం ప్రకారం ఆయన కొలకలూరులో పుట్టి తీరాలి. పుట్టలేదు. అయినా ఇంటిపేరు ఆయనదే. మూలం ఒకచోట, మనిషి ఒకచోట, ఇద్దరూ సుఖంగా ఉన్నారు. ఇలాంటి ఉదాహరణలు మన పుస్తకంలోకి రానివ్వకూడదు.

మన శత్రువులెవరో కూడా తెలిసి ఉండాలి. సంస్కృతం వచ్చినవాళ్ళు మన పక్షానే ఉంటారని చాలామంది భ్రమపడతారు. అసలు ప్రమాదం వాళ్ళ వల్లే. కుశలుడు అన్న మాటకి చెయ్యి కోసుకోకుండా కుశదర్భలు కోయగలవాడని వ్యుత్పత్తి చెబుతారు. అలాంటప్పుడు నేర్పరి అనే అర్థం లక్షణ వల్ల, అంటే అసలు అర్థం పక్కకు జరగడం వల్ల, వచ్చిందని మమ్మటుడు 'కావ్యప్రకాశం'లో అన్నాడు. అదైనా మనకు కొంత పనికొచ్చేది. కానీ 14వ శతాబ్దంలో కళింగదేశపు విశ్వనాథుడు 'సాహిత్యదర్పణం'లో దానికీ గండి కొట్టాడు. మాట పుట్టుకకి నిమిత్తం ఒకటి, వాడుకలో దాని నడకకి నిమిత్తం మరొకటి అని ఆయన వాదం. కాదంటే ఆవు సంగతేమిటన్నాడు. గో శబ్దం వెళ్ళడం అనే ధాతువులోంచి వచ్చింది, వెళ్ళేదే గోవైతే పడుకున్న ఆవుని గోవనడం కుదరదు కదా అని. చూశారా, ఆరేడు వందల ఏళ్ళ క్రితమే మన కొట్టు మూయించడానికి ఒక పండితుడు ఎంత శ్రమపడ్డాడో! పంకజం అన్న మాటనీ ఇలాగే పాడుచేశారు. బురదలో పుట్టింది పంకజమైతే మన వరిచేలో పీతా పంకజమే, కాలికి పట్టే జలగా పంకజమే. దాన్ని యోగరూఢమనే ఒక పెట్టెలో వేసి, తామరపువ్వుకి మాత్రమే చెల్లుతుందని తాళం వేశారు. అందుకని మీరు చంకలో నిఘంటువు పెట్టుకోండి గానీ అలంకారశాస్త్రం పెట్టుకోవద్దు. రూఢి, అంటే వాడుకలో స్థిరపడిన అర్థం, అన్న మాట ఎవరి నోటినుంచి వచ్చినా దగ్గు వచ్చినట్టు నటించండి.

రెండో శత్రువు గిడుగు రామమూర్తి. ఏటా ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజని బళ్ళలో తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. ఆ రోజు మీకు జ్వరం తగలడం మంచిది. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టి జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథికాన్ని ఎంత కాపాడినా, 1914లో వాడుకభాష తరఫున గురజాడ అసమ్మతి పత్రం రాసినా, అదంతా పెద్దమనుషుల తగువులాగే నడిచింది. గిడుగు పద్ధతి వేరు. పాత కావ్యాలూ శాసనాలూ తిరగేసి, మీరు తప్పంటున్న రూపాలు ఇదిగో ఇక్కడున్నాయని చూపించాడు. అది చాలదన్నట్టు 1933లో 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం' వేసి, గ్రాంథికం తప్ప కూడదన్న పండితులు తాము రాసిన గ్రాంథికంలోనే ఎన్నెన్ని తప్పులు చేశారో ఏరి చూపించాడు. దీన్నుంచి నేర్చుకోవలసింది ఒక్కటే. పాపం ఆ పండితులు చేసిన పొరపాటు, రాయడం. మీరు ఎన్నడూ ఏమీ రాయొద్దు. అరుగు మీద మాట్లాడండి, కాలవగట్టున మాట్లాడండి, శవం దగ్గర కూడా మాట్లాడండి. కాగితం మీద మాత్రం సంతకం తప్ప మరొకటి పెట్టకండి.

తెనాలివాళ్ళ మీద కూడా ఒక కన్నేసి ఉంచాలి. కథకుడు కొడవటిగంటి కుటుంబరావు 1909లో అక్కడే పుట్టాడు. చక్రపాణి అక్కడివాడే, బెంగాలీ నుంచి శరత్ నవలల్ని ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోకి దించాడు. 1947లో నాగిరెడ్డితో కలిసి చందమామ పెట్టి పిల్లల్ని పాడుచేశాడు. ఆ కథలు చదివిన పిల్లల్లో ఒక్కడైనా ఏ మాటకైనా వేరు తవ్వాడా? కథలో తరవాత ఏమైందనే అడిగారు.

కొలకలూరులో నాటకాల పిచ్చి ఉన్నవారు ఎక్కువ కనుక, వాళ్ళకో ప్రత్యేక సూచన. పరిషత్తు అంటే చుట్టూ కూర్చునేది. వెనక గోడకి ఆనుకుని నిలబడి చూసేవాళ్ళని పరిషత్తులో లెక్కించకూడదు, వాళ్ళ చప్పట్లు చెల్లవు. నాటకం మాటలో నృత్యానికి సంబంధించిన ధాతువుంది. ఆ సంగతి చెప్పి, గంటసేపు గొంతు చించుకుని సాంఘికం ఆడినవాళ్ళని, చివర్లో ఒక డాన్సైనా వెయ్యలేదేమని న్యాయనిర్ణేతల ముందు నిలదీయండి.

ఒక మాట జోలికి మాత్రం ఎంత ధైర్యమున్నా పోకండి. స్వామిని అన్న గౌరవమైన మాట తెలుగులో సాని అయింది. దొరసాని, మంత్రసాని అన్నప్పుడు ఆ గౌరవం ఇంకా కొంత తగిలి ఉంది. ఆ ధీమాతో మీరు ఊరి సర్పంచిగారినో, మండలం ఆఫీసులో మేడంగారినో వ్యుత్పత్తి ప్రకారం ఉట్టి సాని అని పిలిచారా, తరవాత మీకు కావలసింది నిఘంటువు కాదు, లాయరు. పిల్లల్ని వెధవా అని తిట్టే తండ్రికి మాత్రం, "అది విధవ నుంచి వచ్చిన మాటండీ, మీ కొడుక్కి పెళ్ళే కాలేదు" అని చెప్పొచ్చు. అదీ చేతికందనంత దూరంలో నిలబడి.

ఈ సలహాలన్నీ పాటించాక ఊళ్ళో మీ గురించి ఏమనుకుంటారో కూడా ముందే తెలుసుకుంటే దిగులుండదు. "ఛాందసుడు" అంటారు. కోపం తెచ్చుకోకండి. ఛందస్సంటే వేదం. వేదం తెలిసినవాణ్ణే ఒకప్పుడు అలా పిలిచేవాళ్ళు. రెండు చేతులూ జోడించండి. కాస్త సంస్కృతం చదివిన కుర్రాడైతే మిమ్మల్ని చూసి, "దేవానాంప్రియుడు వస్తున్నాడ్రోయ్" అని పక్కవాడితో అంటాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోక చక్రవర్తి తనని తాను పిలుచుకున్న బిరుదది. ఆ తరవాతి వ్యాకరణాలవాళ్ళు దానికి తెలివితక్కువవాడని అర్థం కట్టారని ఎవరో వచ్చి మీ చెవిలో వేస్తారు. వినకండి. మీకు మూలమే ప్రమాణం. కండువా సర్దుకుని, దేవతలకిష్టుడైనవాడు నడిచినట్టు నడిచి, మళ్ళీ కిరాణా కొట్టు దగ్గరికి వెళ్ళండి. ఎవరో నువ్వుల నూనె అడుగుతున్నారు.